తువ్వాళ్ళ ఓడ

బస్సు కిటికీలోంచి లోపలికి పడ్డ తువ్వాలుకి ఎంత విలువుంటుందో తెలియాలంటే శ్రీకాకుళం నుంచి పాలకొండ వెళ్ళే బస్సులో ముప్పై నాలుగేళ్ళు టిక్కెట్లు కొట్టి ఉండాలి. పోలినాయుడు కొట్టాడు. బస్సు స్టాండులోకి తిరుగుతుండగానే పక్కన పరిగెత్తి, కిటికీలోంచి తువ్వాలు విసిరి, ఆనక తాపీగా తలుపు దగ్గర తోసుకుని ఎక్కి, "అది నాది" అన్నవాళ్ళని వేలమందిని చూశాడు. అప్పటికే సీట్లో కూర్చున్న మనిషిని లేపి, తువ్వాలు వేసిన మనిషిని కూర్చోబెట్టాడు. కూర్చున్నవాడు మండలాఫీసు గుమస్తా అయినా సరే, బాసికం విప్పని పెళ్ళికొడుకైనా సరే. తన సర్వీసులో ఒక్క తువ్వాలుకి కూడా అన్యాయం జరగనివ్వలేదని రిటైరైన రోజు మెడలో దండతో మైకు ముందు చెప్పుకున్నాడు కూడా.

అలాంటి మనిషి ఓడెక్కాడు. రిటైరైన వాళ్ళ సంఘం చీటీలు తీస్తే అతనికి ఇద్దరు మనుషుల ఆరు రోజుల సముద్ర విహారం తగిలింది. ఓడ పేరు జలవిహారి. విశాఖపట్నంలో ఎక్కించుకుని, నడిసముద్రంలో తిప్పి, మళ్ళీ విశాఖపట్నంలోనే దింపేస్తారు. ఎక్కిన స్టాపులోనే దిగడానికి ఇంత పెద్ద బండెందుకో పోలినాయుడికి అర్థం కాలేదు గాని, ఉచితం కాబట్టి అడగలేదు.

అతని భార్య పైడమ్మ మాత్రం ఓడెక్కిన గంటలోనే తనకేం కావాలో తేల్చుకుంది. మూడో అంతస్తులో పెద్ద హాలుంది. ఆ హాలు తలుపు మీద ఒక కాగితం అంటించారు. ఆరో రోజు సాయంత్రం 'శ్వేత సంధ్య' అనే వేడుక, అందులో ప్రయాణికులకి పాటల పోటీ. పోలినాయుడు చదివి వినిపిస్తుంటే పైడమ్మ రెండుసార్లు చదివించుకుంది.

పైడమ్మ గొంతు పొందూరు చుట్టుపక్కల నాలుగూళ్ళకి తెలుసు. నాట్ల రోజుల్లో ఆవిడ గట్టు ఈ చివర పాట ఎత్తుకుంటే ఆ చివర మనుషులు వంగిన నడుము ఎత్తకుండా ఇంకో మడి పూర్తి చేసేవారు. పాడిందంతా పొలాల్లోనే. మైకు ముందు పాడాలని ఆవిడకి పెళ్ళికి ముందు నుంచీ కోరిక. ఒక్కసారి అమ్మవారి జాతరలో పిలిచారు. ఆవిడ వెళ్ళి మైకు పట్టుకోగానే కరెంటు పోయింది. వచ్చేసరికి హరికథ మొదలైపోయింది. నలభై ఏళ్ళ కిందటి ఆ సంగతి ఇప్పటికీ తలుచుకున్నప్పుడల్లా పైడమ్మ కరెంటోళ్ళని తిట్టుకుంటుంది.

ఈసారి పేరు రాయించింది. ఒకటే షరతు, పోటీదారులు నిలువెల్లా తెలుపే కట్టుకోవాలి. అదృష్టం కొద్దీ ఆవిడ దగ్గర పొందూరు ఖద్దరు చీర ఒకటుంది, అంచు కూడా తెలుపే. ఫొటో తీయించుకోవడానికి ఆ రోజు ఆ చీరే కట్టుకుంది. మధ్యాహ్నం భోజనాల దగ్గర వరసలో ముందున్న పెద్దమనిషి అప్పడం కోసం గిరుక్కున వెనక్కి తిరిగాడు. అతని చేతిలో పప్పుచారు గిన్నె ఉంది. అరచేయంత పసుపు మరక పైడమ్మ పైట మీద పడింది.

"ఏం పర్లేదే, ఉతుక్కుంటే పోద్ది," అన్నాడు పోలినాయుడు.

గదిలో ఉతుక్కోవడానికి వీల్లేదని గది తలుపు మీదే రాసి ఉంది. నీళ్ళు కారి కింది అంతస్తు వాళ్ళ మీద పడతాయట. ఉతకాలంటే పెద్ద హాలుకి గోడ అవతల అందరికీ కలిపి ఒక ఉతుకు గది ఉంది. అందులో నాలుగు వాషింగ్ మెషీన్లు, మూల ఒక సిమెంటు తొట్టి, దానికో కుళాయి. మెషీన్లకి మూత పైన ఉంటుంది.

మొగుడూ పెళ్ళాలు చీర పట్టుకుని వెళ్ళేసరికి అక్కడ యుద్ధం జరుగుతోంది. మందాకిని గారనే ఒక లెక్చరరమ్మ మెషీన్లో బట్టలు వేసి కాఫీకి వెళ్ళింది. కోదండపాణి గారనే ఒక రిటైర్డు ఇంజనీరు ఆ తడిబట్టలు తీసి బల్ల మీద పెట్టి తనవి వేసుకున్నాడు. ఒక ఆడమనిషి లోదుస్తులు పరాయి మగాడు ముట్టుకోవచ్చునా అని ఆవిడ. ఉతుకయిపోయిన బట్టలు మెషీన్లో కాపరం పెట్టవచ్చునా అని ఆయన. చుట్టూ ఇరవైమంది చేరారు. వాళ్ళ వెనక, భుజాల మీద బంగారు గీతలతో, ప్రయాణికుల మర్యాదల ప్రధానాధికారి పరాంకుశం గారు నిలబడి ఉన్నారు. ఓడ కెప్టెనుకి నాలుగు గీతలుంటే ఈయనకి ఐదున్నాయి.

పోలినాయుడికి ఒళ్ళు మరిచిపోయినంత పని అయింది. ఆర్నెల్లుగా తగువులు లేక అతనికి అన్నం సహించడం లేదు.

"జరగండి, జరగండి," అంటూ లోపలికి దూరాడు. "అమ్మా, తువ్వాలేసినారా?"

"తువ్వాలేమిటి?" అంది లెక్చరరమ్మ.

"మెషీను మీద. ఏసెల్తే మెషీను మీదే. ఎయ్యకుండా ఎల్తే ఎవులు కూకుంటే ఆళ్ళదే. బాబూ, మీరేసినారా? మీరూ ఎయ్యనేదు. మరి ఇద్దరూ తప్పే కదా, ఇంకేటి తగువు?"

ఇద్దరూ తప్పేనని తేలాక తగువు చప్పున చల్లారింది. పరాంకుశం గారు ముందుకొచ్చి పోలినాయుడి రెండు చేతులూ పట్టుకున్నారు.

"ఇరవై రెండు సంవత్సరములుగా ఉతుకు గది మర్యాదల విషయమై మేము అధ్యయనములు జరిపించుచున్నాము. విదేశీ నిపుణులను సైతము రప్పించితిమి. సమస్యకు మూలము తువ్వాలు లేమి అని ఒక్కరును గుర్తింపలేకపోయిరి. తమరి విద్యార్హతలు?"

"పాలకొండ రూటండి."

సాయంత్రానికల్లా పోలినాయుడు తువ్వాలు వ్యవహారాల సలహా సంఘానికి అధ్యక్షుడైపోయాడు. ఛాతీ మీద బిళ్ళ, మెడలో విజిలు, చంకలో ఫైలు ఇచ్చారు. ఉతుకు గది గోడ మీద మొదటి నిబంధన వెలిసింది. 'ఏ యంత్రముపై ఏ ప్రయాణికుని తువ్వాలు ముందుగా ఉంచబడునో ఆ యంత్రము సదరు ప్రయాణికునికి చెందును. తువ్వాలు ఉన్నంతసేపు ప్రయాణికుడు ఉన్నట్టే భావింపవలెను.' ఓడవాళ్ళు ప్రతి గదికీ ఇచ్చిన తెల్ల తువ్వాళ్ళ మీద గది నంబరు కుట్టి ఉంటుంది కాబట్టి ఎవరిది ఏదన్న పేచీ లేదు. ఈ హడావిడిలో చీర ఉతకడం కుదరలేదు. రేపు చూద్దామన్నాడు పోలినాయుడు.

మర్నాడు తెల్లారేసరికి నాలుగు మెషీన్ల మీదా నాలుగు తువ్వాళ్ళున్నాయి. తొట్టి మీద కూడా ఒకటుంది. మనుషులెవరూ లేరు. బట్టలున్నవాళ్ళూ వేశారు, లేనివాళ్ళూ వేశారు. రేపెప్పుడైనా మాసిపోతే ఎలాగని ముందుచూపున్నవాళ్ళు వేశారు.

వెనకొచ్చినవాళ్ళకి ఏం దారి అని పరాంకుశం గారు అడిగితే, తువ్వాలు మీద తువ్వాలు వెయ్యమన్నాడు పోలినాయుడు. కిందిది లేవగానే పైదానికి హక్కు వస్తుంది. అది రెండో నిబంధన అయింది. మధ్యాహ్నానికి ఒక్కో మెషీను మీద మోకాలెత్తు తువ్వాళ్ళు పేరుకున్నాయి. పైడమ్మ తువ్వాలు మూడో మెషీను మీద పద్నాలుగోది.

అసలు చిక్కు సాయంత్రం బయటపడింది. మొదటి మెషీను మీద అందరికన్నా ముందు తువ్వాలు వేసిన కోదండపాణి గారు బకెట్ నిండా బట్టలతో వచ్చారు. మెషీను మూత పైనుంది. మూత తియ్యాలంటే అట్టడుగున ఉన్న తన తువ్వాలు తియ్యాలి. తీశారు. తీసిన క్షణంలో మెషీను మీద ఆయనకి హక్కు పోయింది, రెండో తువ్వాలు వాళ్ళకి వచ్చింది. ఆ రెండో తువ్వాలు లెక్చరరమ్మది. ఆవిడ పరిగెత్తుకొచ్చి ఆయన బట్టలు బయటికి లాగి, తనవి వేద్దామని తన తువ్వాలు తీసింది. ఆవిడకీ పోయింది. కబురు అంతస్తులన్నీ పాకింది. అప్పట్నుంచి ఓడలో ఎవడూ తన తువ్వాలు కదిపిన పాపాన పోలేదు.

"మరి ఉతికేదెలాగ?" అంది పైడమ్మ.

పోలినాయుడికి బస్సులో ఈ ఇబ్బంది ఎప్పుడూ రాలేదు. అక్కడ తువ్వాలు తీసి ఆ స్థలంలో మనిషి కూర్చుంటాడు. మెషీను మీద మనిషి కూర్చుని ఏం చేస్తాడు? ఈ సందేహం సంఘంలో పెడదామనుకున్నాడు. కాని సంఘం ఆ రోజు వేరే పనిలో ఉంది. అలలకి ఓడ ఊగి రెండో మెషీను మీది దొంతర కూలిపోయింది. ముప్పై ఒక్క తువ్వాళ్ళ స్థానభ్రంశం మీద విచారణ జరిగి, తప్పు సముద్రానిదని తేలింది. సముద్రం తరఫున నోటీసు అందుకోవలసిందిగా కెప్టెన్ని ఆదేశించారు. ఆయన సంతకం పెట్టి తీసుకుని, ఓడని ఎడ్లబండి నడకకి దింపాడు.

నాలుగో రోజు పరాంకుశం గారు హాల్లో నివేదిక చదివారు.

"గత యాత్రలో ఉతుకు గది నుండి మాకు అందిన ఫిర్యాదులు నలుబది యొకటి. ఈ యాత్రలో అందినవి సున్న. ఉతకబడిన దుస్తులు కూడ సున్నయే అని కొందరు గొణుగుచున్నట్లు మా దృష్టికి వచ్చినది. ఉతుకు గది స్థాపన యొక్క పరమార్థము మర్యాద. శుభ్రత దాని ఉప ప్రయోజనము మాత్రమే. కావున ఈ పథకమును ఓడ అంతటికిని విస్తరింపజేయుచున్నాము."

జనం చప్పట్లు కొట్టారు. మూడు రోజులుగా ఒకే చొక్కా తొడుక్కున్నవాళ్ళు చేతులు మరీ పైకెత్తకుండా కొట్టారు. పోలినాయుడిని లేపి శాలువా కప్పారు. శాలువా తువ్వాలు కోవలోకి వస్తుందా రాదా అని వెనక వరసలో ఎవరో అడిగారు గాని ఆ చర్చని వాయిదా వేశారు.

ఇక భోజనాల హాల్లో కుర్చీకో తువ్వాలు. తువ్వాలు ఉందంటే మనిషి ఉన్నట్టే కాబట్టి వడ్డించేవాళ్ళు తువ్వాలు ముందు ఇడ్లీలు పెట్టి, చట్నీ కావాలా అని అడిగి, కాసేపు ఆగి, వద్దనుకుని వెళ్ళిపోయేవారు. మనుషులు గోడవారగా నిలబడి తమ తమ తువ్వాళ్ళ భుజాల మీంచి చెయ్యి చాపి తినేవారు. ఓడంతా చెమటా పప్పుచారూ కలిసిన కంపు. పోలినాయుడు మాత్రం విజిలు ఊదుకుంటూ అంతస్తులు తిరిగేవాడు. ఎక్కడికెళ్ళినా "నాయుడు గారూ, నాయుడు గారూ" అని లేచి నిలబడేవారు. కూర్చోడానికి ఎలాగూ చోటు లేదనుకోండి. ముప్పై నాలుగేళ్ళలో అతన్ని గారూ అని పిలిచింది అధికారులు ఇన్స్పెక్షనుకొచ్చినప్పుడు డ్రైవరొక్కడే.

ఐదో రోజు పొద్దున్న ప్రమాద సమయపు కవాతు పెట్టారు. సైరను మోగితే ప్రయాణికులందరూ ప్రాణరక్షక పడవల దగ్గరికి రావాలి. వచ్చి చూస్తే పడవల్లో ప్రతి చోటా ఒక తువ్వాలు పరిచి ఉంది. ముందు రోజే చోట్లు ఆపుకున్నారు. పరాంకుశం గారు పడవ పడవకీ వెళ్ళి తువ్వాళ్ళు లెక్కపెట్టి, గడియారం చూసుకుని, సంతృప్తిగా తల పంకించారు.

"నాలుగు వందల పన్నెండు మంది ప్రయాణికులును సైరను మ్రోగుటకు పూర్వమే పడవలయందు సురక్షితముగా ఆసీనులై యున్నారు. నౌకాయాన చరిత్రలో ఇట్టి కవాతు జరిగి యుండదు."

"మేమిక్కడున్నాం కదండీ," అన్నారు కోదండపాణి గారు, డెక్కు మీద నిలబడి.

"తమరు నిబంధన రీత్యా పడవలో ఉన్నారు. డెక్కుపై అనవసరముగా గుమిగూడరాదు," అని పరాంకుశం గారు పోలినాయుడి వైపు చూశారు. పోలినాయుడు విజిలు ఊది జనాన్ని పంపించేశాడు. ఊదాడే గాని, నీళ్ళలో తువ్వాలు తేలుతుందా అన్న ఆలోచన మనసులో మెదిలి కాస్త భయం వేసింది.

ఆ సాయంత్రం గదిలో పైడమ్మ చీర ఒళ్ళో పెట్టుకుని మరక గోటితో గీకుతోంది. పసుపు ఇంకి గట్టిపడిపోయింది.

"రేపే పోటీ," అంది. "ఒక్కటడుగుతాను. మూడో మెషీను మీద తువ్వాళ్ళు తీసి పక్కనెట్టు. అరగంట. మళ్ళీ ఎలాగున్నవి అలాగే ఎట్టేద్దుము. నువ్వు పెద్దోడివి, నిన్నెవులేటంటారు?"

"అదే సెప్పేది. నాను పెద్దోడినే. నానే తీస్తే ఇంక రూలేటుంటాది?" అన్నాడు పోలినాయుడు. "ముప్పై నాలుగేళ్ళు, పైడీ. ఒక్క తువ్వాలు మీద సెయ్యెయ్యనేదు. కన్నతల్లి నిలబడి పెయాణం సేసినా తియ్యనేదు."

"ఎరుగుదును. ముసలమ్మ శ్రీకాకుళం కాడ్నుంచి నిలబడే వొచ్చింది. సచ్చిపోయినంత వరకూ సెప్పుకుంది."

పైడమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ ఏడవడం పోలినాయుడు పెద్దగా చూడలేదు. ప్రాణం ఉసూరుమంది. తువ్వాలు తియ్యకుండానే పెళ్ళాం కోరిక తీర్చే ఉపాయం కోసం బుర్ర బద్దలు కొట్టుకున్నాడు. కొట్టుకోగా తట్టింది. లేచి గబగబా పరాంకుశం గారి దగ్గరికి వెళ్ళి, పావుగంటలో వెలిగిపోతున్న మొహంతో వచ్చాడు.

"అయిపోనాది. పోటీలో నువ్వున్నావు."

"సీర?"

"సీరతో పనేటి? తువ్వాలుంటే మనిషున్నట్టే గదా. గదిలో మిగిలిన తువ్వాలు తెల్లగా ఉన్నాది, మరక నేదు. నీ బదులు అదెల్తాది. పరాంకుశం గారు ఒప్పేసుకున్నారు. సంతకం కూడా ఎట్టేసినారు."

పైడమ్మ అతని మొహంలోకి చాలాసేపు చూసింది. చీర మడతపెట్టి అటు తిరిగి పడుకుంది. ఒప్పుకుందనుకున్నాడు పోలినాయుడు. కాపరంలో చాలా విషయాలు అతను ఇలాగే అనుకుంటూ వచ్చాడు.

శ్వేత సంధ్యకి హాలు నిండిపోయింది. కుర్చీ కుర్చీకీ తెల్లటి తువ్వాలు. ఒక్క చోటు ఖాళీ లేదని మనుషులని లోపలికి రానివ్వలేదు. వాళ్ళంతా డెక్కు మీదికి పోయి గాలి పోసుకుంటున్నారు. న్యాయనిర్ణేతల బల్ల దగ్గర మూడు తువ్వాళ్ళు. ప్రాణమున్నవాళ్ళు ఇద్దరే, వేదిక మీద పరాంకుశం గారు, హాలు మధ్యలో నిలబడి పోలినాయుడు.

పోటీ ఎంతో క్రమశిక్షణతో సాగింది. ఒక్కో పోటీదారునీ తెచ్చి మైకు మీద వెయ్యడం, నాలుగు నిమిషాలు ఆగడం, తియ్యడం. ఎవరూ దగ్గలేదు, ఎవరి ఫోనూ మోగలేదు.

"తదుపరి పోటీదారు, మూడు వందల పన్నెండవ గది, శ్రీమతి పైడమ్మ గారు."

పోలినాయుడు చేతుల మీద తువ్వాలు తీసుకెళ్ళి మైకు మీద వేశాడు. నాలుగు మడతల గీతలూ కనబడేలా సర్దాడు. కిందికి దిగి చూస్తే మైకు మీద తువ్వాలు తువ్వాలులాగే ఉంది. అతనికి ఎందుకో పొలం గట్టు గుర్తొచ్చింది. ఛాతీ మీది బిళ్ళ బరువుగా తోచింది. నిమిషం గడిచింది.

అప్పుడు గోడ అవతల్నించి పాట వినిపించింది.

నాట్ల పాట. మొదట సన్నగా, ఆ తర్వాత గోడని తోసుకుంటూ వచ్చేసింది. మధ్య మధ్య నీళ్ళ చప్పుడు, బట్ట బాదిన చప్పుడు. ఆ బాదుడుతోనే తాళం వేస్తోంది. ఖాళీ హాలంతా గొంతు నిండిపోయి కుర్చీలు కూడా వింటున్నట్టనిపించింది. పోలినాయుడు గోడ వైపు తిరిగాడు. పరాంకుశం గారు కనుబొమలు ముడిచారు.

"అధ్యక్షా, బయట ఎవరో గానము చేయుచున్నారు. పోటీదారుకు తీవ్రమైన అంతరాయము కలుగుచున్నది. తక్షణమే ఆపించుడు."

పోలినాయుడు బయటికొచ్చి, ఉతుకు గది తలుపు తోశాడు. పైడమ్మ తొట్టి మీది తువ్వాలు నేల మీద పడేసి, కాలు జారకుండా దాని మీద నిలబడి చీర ఉతుకుతోంది. మోచేతుల దాకా సబ్బు నురగ. మరక సగం పోయింది, సగం ఉంది. మొగుణ్ణి చూసి పాట ఆపింది.

"ఏటి, ఆపించమన్నారా?"

పోలినాయుడు విజిలు పట్టుకున్న చెయ్యి కిందికి దించాడు. "ఊఁ," అన్నాడు.

"ఆ కొస పట్టుకో. తడిసిన ఖద్దరు, ఒక్కదాన్నే పిండలేను."

చీర పిండాలంటే రెండు చేతులూ కావాలి. చంకలో ఫైలు జారి తడి నేల మీద పడింది. పోలినాయుడు దాని వైపు చూసి, మళ్ళీ పైడమ్మ చేతుల వైపు చూసి, చీర కొస అందుకున్నాడు. ఆవిడ ఇటు, అతను అటు మెలి తిప్పారు. పసుపు నీళ్ళు ఫైల్లోని నిబంధనల మీదికి కారాయి.

గోడకున్న స్పీకరులోంచి పరాంకుశం గారి గొంతు ఖంగుమంది. "ఆద్యంతము ఎచ్చటను శ్రుతి తప్పక, నియమిత కాలమును మించక, శ్రోతలను ఏ విధమైన ఉద్రేకమునకును లోను చేయక గానము చేసిన మూడు వందల పన్నెండవ గది తువ్వాలుకు న్యాయనిర్ణేతలు ఏకగ్రీవముగా ప్రథమ బహుమతి ప్రకటించుచున్నారు."

"ఎవులికొచ్చినట్టు?" అంది పైడమ్మ.

"నీ తువ్వాలికి," అన్నాడు పోలినాయుడు.

పైడమ్మ చీర కొస ఇంకో మెలి తిప్పింది.

"బాగానే పాడుంటాది," అంది. "నువ్వు గట్టిగా తిప్పు."

పోలినాయుడు గట్టిగా తిప్పాడు. పైడమ్మ ఆపిన చోటి నుంచి పాట మళ్ళీ అందుకుంది.